ఆరో అంగీ

టేపక్క మెడలో కొలతల టేపు లేకుండా చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. పడుకున్నప్పుడు కూడా తీయదని ఇరుగుపొరుగు వేళాకోళం. అందుకే ఆ పేరు. అసలు పేరు ఏమిటంటే ఆమే ఒక్క క్షణం తడుముకోవాలి.

ఆమెకు దుకాణమంటూ వేరే లేదు. వీధివైపు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన కత్తిరింపు బల్ల, బల్ల కింద గుడ్డముక్కల సంచి. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి ఇల్లు నడుపుకుంటుంది. అవి కాక, చర్చిలో బాప్తిస్మం తీసుకునేవాళ్ళు వేసుకునే తెల్ల అంగీలన్నీ ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతికుట్టే.

అంగీ కుట్టడంలో ఏముంది, నాలుగు గజాల గుడ్డా, రెండు చేతులూ, ఒక మెడా అనుకుంటారు తెలియనివాళ్ళు. అసలు పనంతా అంచులో ఉంది. నడుములోతు నీళ్ళలోకి దిగీదిగగానే వదులు అంగీ గొడుగులా విచ్చుకుని పైకి లేస్తుంది. మొదటి ఏడాదే ఒక పెళ్ళికాని పిల్లకు అలా జరిగింది. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల మళ్ళీ చర్చి గడప తొక్కలేదు. ఆనాటి నుంచి టేపక్క ప్రతి అంగీ అంచులోనూ పదహారు చిన్న అరలు కుట్టి, ఒక్కో అరలో చేపలవలకు కట్టే సీసపు గుండు ఒకటి దూర్చి మూసేస్తుంది. అంగీ నీళ్ళలో కూడా బుద్ధిగా కిందికే ఉంటుంది.

"తుఫాను వచ్చినా టేపక్క అంగీ లేవదు" అని పాస్టరుగారు నలుగురిలో అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తల వంచుకుని లోపల్లోపల పొంగిపోతుంది.

ఆ బుధవారం పాస్టరుగారి భార్య జాబితా పట్టుకుని వచ్చింది. ఆదివారానికి ఆరుగురు. అయిదు పేర్లు గలగలా చదివి ఆరో పేరు దగ్గర ఆగిపోయింది.

"ఏమిటి అమ్మగారూ, గొంతులో పుల్ల అడ్డం పడిందా?"

"అది కాదు... ఆరో ఆమె... ఆవిడే. నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకు, కొలతలు నేనే తీసి పంపిస్తాలే."

"కొలతలు ఒకరు తీసి కుట్టు ఒకరు కుడితే అది అంగీ కాదు, గోనెసంచి అవుతుంది. రమ్మనండి" అంది టేపక్క. అని, సూదిలోకి దారం ఎక్కించబోతే నాలుగుసార్లు తప్పింది.

ఆవిడంటే ఇస్త్రీ ఆవిడ. ఊరవతల బట్టలుతికే పెద్ద దుకాణంలో ఇస్త్రీ చేస్తుంది. టేపక్క మొగుడు రంగుల మేస్త్రి. ఎనిమిదేళ్ళ కిందట ఆ దుకాణం గోడలకు రంగులు వెయ్యడానికి వెళ్ళాడు. గోడలు నాలుగు రోజుల్లో అయిపోయాయి, మనిషి మాత్రం తిరిగి రాలేదు. పోయేనాడు తలుపు దగ్గర నిలబడి, "నిచ్చెన పక్కింట్లో ఉంది, తెప్పించుకో" అన్నాడు. అదే ఆఖరి మాట. మొగుడూ పెళ్ళాల మధ్య ఆఖరి మాట నిచ్చెన గురించి అయితే ఆ ఇల్లాలు ఎవరితో చెప్పుకుంటుంది? ఎవరితోనూ చెప్పుకోలేదు.

నిరుడు అతను జబ్బుపడ్డాడు. ఇస్త్రీ ఆవిడ దగ్గర్నుంచి రెండుసార్లు కబురు వచ్చింది, వచ్చి చూసిపొమ్మని. టేపక్క వెళ్ళలేదు. మూడోసారి వచ్చింది చావు కబురు.

అతను పోయిన నాలుగు నెలలకు ఇస్త్రీ ఆవిడ చర్చిలో వెనక బెంచీ చివర వచ్చి కూర్చుంది. ఊరు ఊరంతా చర్చిలుండగా ఇక్కడికే ఎందుకు రావాలి? టేపక్కకు నాలుగో వరసలో కూర్చుంటే వీపు మంటెక్కేది. పోయిన ఆదివారం ఆవిడ లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ఒకరి ఇల్లు కూల్చి తన గూడు కట్టుకున్నాననీ, ఆ పాపం మొయ్యలేక చావబోయాననీ, దేవుడు తనలాంటిదాన్ని కూడా ఊరికే క్షమించాడనీ చెబుతుంటే చర్చంతా ముక్కులు చీదింది. పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ముప్పై ఏళ్ళ కిందట టేపక్క కూడా సాక్ష్యం చెప్పింది. అప్పటికి ఆమె చేసిన పెద్ద పాపం, చిన్నప్పుడు పక్కింటివాళ్ళ పంచదార డబ్బాలో వేలు పెట్టి నాకడం. అదే చెప్పింది. ఒకరిద్దరు ఆవులించారు. ఇన్నేళ్ళూ ఒక్క ఆదివారం మానకుండా, ఒకరి గడ్డిపరక ముట్టకుండా బతికితే ఆవులింతలు. ఒకరి మొగుణ్ణి ఎత్తుకుపోయినదానికి కన్నీళ్ళా? క్షమాపణ అంత అప్పనంగా దొరికేదైతే నేనెందుకు ఇంత జాగ్రత్తగా బతికానని ఆ రాత్రంతా టేపక్క దిండుని అడిగింది.

గురువారం పొద్దున ఇస్త్రీ ఆవిడ కొలతలకు వచ్చింది. దగ్గరగా చూడటం టేపక్కకు అదే మొదలు. ఎనిమిదేళ్ళుగా మనసులో గీసుకున్న బొమ్మలో ఆవిడకు సన్నటి నడుము, జారే జుట్టు, పెదవుల మీద కొంటె నవ్వు ఉండేవి. తీరా చూస్తే పొట్టి మనిషి. జుట్టు సగం నెరిసింది. చదునైన పాదాలు. మోచేతి కింద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

'ఇందుకా నన్ను వదిలింది!' అనుకుంది టేపక్క. అందగత్తె అయితే కనీసం అందానికి ఓడిపోయాననుకునేది. దీనికి ఓడిపోవడం గోరుచుట్టు మీద రోకటిపోటు.

"చేతులు ఎత్తు."

ఎత్తింది.

"మరీ అంత ఎత్తకు, ఎగిరిపోతావా ఏంటి?"

"సరే అక్కా."

"నేను నీకు అక్కనెప్పుడయ్యాను?"

"మరేమని పిలవమంటారు?"

"పిలవకు."

ఛాతీ, భుజం, నడుము. ఈ నడుము మీదే కదా వాడి చెయ్యి పడింది, అనుకోగానే టేపు బిగిసింది. ఇస్త్రీ ఆవిడ ఊపిరి బిగబట్టింది కానీ కిక్కురుమనలేదు. టేపక్క అంకెలు కాగితం మీద రాసుకుంటూ ఉంటే, ఆవిడ సంచిలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, వంగి ఆ అంకెలు చూసింది.

"నడుము ఇంత పెరిగిందా! కళ్ళద్దాలు లేనప్పుడే హాయిగా ఉండేది. పాప ఇప్పించింది. ఇస్త్రీ చేస్తుంటే మడతలు కనబడటం లేదన్నానని..." అంటూ నాలుక కరుచుకుంది.

పాప అంటే టేపక్క కూతురు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అమ్మ చూపు మసకగా ఉందని మూడు నెలలుగా మూలుగుతుంటే, "వస్తూ పోతూ ఒకసారి దుకాణానికి రా అమ్మా" అన్నదే తప్ప చెయ్యి పట్టుకుని తీసుకుపోలేదు.

సాయంత్రం కూతురు ఇంకా చెప్పులు విడవకముందే టేపక్క అందుకుంది.

"ఊరందరికీ కళ్ళిస్తున్నావట?"

కూతురికి అర్థమైంది. దాచలేదు. "పిన్నికి చూపు ఆనడం లేదమ్మా. పరీక్ష చేయించాను."

"పిన్నా? ఎవరికి పిన్ని? నా కడుపున పుట్టిన చెల్లెలా అది?"

"నీ కడుపున చెల్లెలెలా పుడుతుందమ్మా?"

"నవ్వకు! ఎప్పట్నుంచి ఈ రాకపోకలు?"

"నాన్న మంచం పట్టినప్పట్నుంచి. వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. నీకు చెబితే వెళ్ళనివ్వవు. చెప్పకపోతే నేను దొంగదాన్ని. ఏం చేయమంటావు?" పిల్ల చెప్పులు విడిచింది. "ఆవిడ పగలంతా ఇస్త్రీ చేసి వచ్చి ఆయన పక్క గుడ్డలు మార్చేది. నేను చూశానమ్మా. చూసినదాన్ని చూడలేదని ఎలా అనను?"

టేపక్క మిషను వైపు తిరిగింది. మొగుణ్ణి పట్టుకుపోయింది. చర్చిని పట్టుకుపోయింది. ఇప్పుడు కన్నబిడ్డను కూడా, చప్పుడు కాకుండా, పిల్లి పిల్లను నోట కరుచుకుపోయినట్టు పట్టుకుపోతోంది. చావు పక్కన కూర్చునే చోటు కూడా దానిదే అయింది.

శుక్రవారం మధ్యాహ్నానికి అయిదు అంగీలు అయ్యాయి. ఆరోది మొదలెట్టింది. మెడ కుట్టింది, చేతులు అతికింది, అంచు మడిచి పదహారు అరలూ కుట్టింది. సీసపు గుండ్ల డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంది. మూత తీసింది. పిడికెడు తీసుకుంది. చాలాసేపు అలా పట్టుకుని, మళ్ళీ డబ్బాలోనే వదిలేసింది. గుండ్లు గలగలమన్నాయి. ఖాళీ అరల మూతులు ఒక్కొక్కటీ మామూలు కంటే ఇంకా నీటుగా కుట్టేసింది. పైకి చూస్తే ఆరూ ఒక్కలాగే ఉన్నాయి.

'ఏడిపించింది కదా అందర్నీ. ఇప్పుడు నవ్వించనీ' అనుకుంది.

అయిదు అంగీలు కుట్టినప్పుడు ప్రార్థన చేసుకుంది. ఆరోదానికి చేసుకోలేదు. ఏ ముఖం పెట్టుకుని చేస్తుంది?

శనివారం ఆరింటినీ సంచిలో పెట్టుకుని చర్చి వెనక గదికి తీసుకెళ్ళింది. ఇస్త్రీ కూడా తనే చేసే అలవాటు. పాస్టరుగారి భార్య సంచి అందుకుని, "నువ్వు ఇంటికి పో అక్కా, నడుము వాల్చుకో. ఇస్త్రీ తను చేస్తానంది. ఆవిడకంటే బాగా చేసేవాళ్ళెవరు?" అంది.

టేపక్క లోపలికి తొంగి చూసింది. లోపల బల్ల ముందు ఇస్త్రీ ఆవిడ అప్పుడే చేతులు తుడుచుకుంటోంది. ఆ చేతులు రోజుకు నూరు బట్టలు తడిమే చేతులు. అయిదు అంచుల్లో గుండ్లు తగిలి, ఆరో అంచులో తగలకపోతే తెలియదా? సంచి లాక్కుని ఇంటికి పోదామనుకుంది. 'ఒకటి మరిచిపోయాను' అంటే పోయేది. నోరు రాలేదు. ఈ వయసులో నోటికి రావలసిన మాట ఎప్పుడూ సమయానికి రాదు. అక్కర్లేని మాటే ముందు నిలబడుతుంది.

"తెల్లగుడ్డ, మాడ్చకు" అని మాత్రం అని వచ్చేసింది.

సాయంత్రం దాకా ఎవరైనా వస్తారని గుమ్మంలోనే కూర్చుంది. ఎవరూ రాలేదు. కబురూ లేదు. 'తెలియలేదు' అనుకుంది. ఊరట కలగాలి కదా, కలగలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. వేదిక ముందు పలకలు తీసేసి నేలలో కట్టిన సిమెంటు తొట్టిని నీళ్ళతో నింపారు. అయిదు మెట్లు దిగితే నడుములోతు. పాస్టరుగారు ముందే దిగి నిలబడ్డారు. టేపక్క చోటు ఎప్పటిలాగే పై మెట్టు మీద, చేతిలో తువాలు. పైకొచ్చిన ఆడవాళ్ళకు కప్పి వెనక గదిలోకి పంపడం ఆమె పని.

మొదటి ముగ్గురు మగవాళ్ళు. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు. అంగీలు బుద్ధిగా కిందికే ఉన్నాయి. ఒక్కొక్కరు మునిగి లేచినప్పుడల్లా పాట ఒక చరణం. టేపక్క పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు లేదు.

ఆరో మనిషి వచ్చింది. తెల్ల అంగీలో ఇంకా పొట్టిగా ఉంది. రెండు చేతులతోనూ అంగీని మోకాళ్ళ దగ్గర గట్టిగా పట్టుకుని ఉంది. టేపక్క పక్కకు రాగానే ఆగి, ఆమెకొక్కదానికే వినబడేలా అంది.

"నీళ్ళలో చేతులు రెండూ గుండెల మీద పెట్టుకోవాలట కదండీ?"

టేపక్క గిరుక్కున తిరిగింది. "నీకు తెలుసా?"

"ఇస్త్రీ చేసినదాన్ని. తెలియదా?"

"మరి... చెప్పలేదేం? గుండ్లు అడిగి పెట్టుకోవచ్చుగా?"

"మీ చేత్తో కుట్టినదాన్ని నేను దిద్దుతానా?" ఆవిడ మొహంలో ఎత్తిపొడుపు లేదు. భయం ఉంది. "ఇన్నేళ్ళలో మీరు నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. ఇదొక్కటైనా పడనివ్వండి. నాకూ కాస్త బరువు తగ్గుతుంది."

అని, అంగీ వదిలిపెట్టి మెట్లు దిగడం మొదలుపెట్టింది.

టేపక్కకు ఆ క్షణంలో జాలి కలిగిందని చెబితే అబద్ధం అవుతుంది. కలిగింది ఒళ్ళుమంట. మొగుడు దీనికే, బిడ్డ దీనికే, కన్నీళ్ళు దీనికే. చివరికి నా పాపం నోరెత్తకుండా మోసే మంచితనం కూడా దీనికేనా? నాకేమీ మిగల్చదా ఇది?

రెండో మెట్టు. మూడో మెట్టు. నీళ్ళు తగలగానే అంగీ అంచు తేలడం మొదలైంది. గాలి నింపుకుని ఒక పక్కన బుడగలా ఉబ్బింది. వెనక బెంచీల్లో కదలిక. ఇరవై ఆరేళ్ళ కిందటి ఆ కిసుక్కు మళ్ళీ ఇప్పుడో ఇంకాసేపటికో వినబడబోతోంది. ఈసారి దాన్ని పిలిచి కూర్చోబెట్టింది తనే.

తువాలు ఎటు విసిరిందో తెలియదు. కట్టుకున్న బట్టలతోనే, చెప్పులతోనే తొట్టిలో దిగిపోయింది. నీళ్ళు ఉవ్వెత్తున లేచి ముందు వరసవాళ్ళను తడిపాయి. ఎవరో "అయ్యో అయ్యో, జారిపడింది!" అని కేకపెట్టారు. టేపక్క నీళ్ళలో గొంతు దాకా కూలబడి, ఉబ్బిన అంగీని రెండు పక్కలా అందుకుని కిందికి లాగి, ఇస్త్రీ ఆవిడ కాళ్ళకు బిగించి పట్టుకుంది.

"కానివ్వండి పాస్టరుగారూ" అంది రొప్పుతూ. "నేను పట్టుకున్నాను."

పాస్టరుగారు ఒకసారి కిందికి చూశారు, ఒకసారి పైకి చూశారు. ఇస్త్రీ ఆవిడ చేతులు గుండెల మీదికి చేర్చుకుంది. ఆయన ఆమెను వెనక్కి వాల్చి నీళ్ళలో ముంచేసరికి అల టేపక్క తలమీదుగా పోయింది. ఒకరికని చేసిన ప్రార్థన ఇద్దరినీ ముంచింది. టేపక్క ముక్కులోకి, నోట్లోకి నీళ్ళు పోయాయి. అంగీ మాత్రం వదల్లేదు.

తేరుకుని లేచేసరికి చర్చంతా పాట మరిచిపోయి చూస్తోంది.

"ఏం జరిగింది టేపక్కా?" అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా.

'మరిచిపోయాను' అంటే సరిపోయేది. ముసలితనం మీదికి నెట్టేస్తే అందరూ నమ్మేవాళ్ళు. కానీ గొంతులో నీళ్ళతో పాటు అసలు మాట కూడా బయటికి వచ్చేసింది.

"ఈమె అంగీలో గుండ్లు పెట్టలేదండీ. మరిచిపోయి కాదు. కావాలనే. నలుగురూ నవ్వాలని."

ముందు బెంచీల్లో గుసగుసలు లేచి అణిగాయి. కూతురు మూడో వరసలో రెండు చేతులతో నోరు మూసుకుంది. టేపక్క కళ్ళు మూసుకుని నిలబడింది. ఇప్పుడు తిడతారు. ఇంక అంగీలు కుట్టవద్దంటారు. ఇరవై ఆరేళ్ళ పేరు నీళ్ళపాలు.

పాస్టరుగారు మొహం మీది నీళ్ళు తుడుచుకున్నారు. తర్వాత, "దేవుడు విన్నాడమ్మా. ఎప్పుడు క్షమించాడో కూడా నాకు తెలుసు, నువ్వు దిగకముందే. చెప్పులతో దిగావు, మెట్లు జారతాయి, చూసి ఎక్కు" అన్నారు.

"అంతేనా?"

"ఇంకేం కావాలి?"

ఏం కావాలో టేపక్కకే తెలియలేదు. కోపం వచ్చినట్టనిపించింది, ఏడుపు వచ్చినట్టనిపించింది. తీర్చుకోవడానికి ఏమీ ఇవ్వకుండా ఊరికే వదిలేస్తే మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? ఇస్త్రీ ఆవిడ చెయ్యి చాపింది. దాన్నే పట్టుకుని ఎక్కింది.

వెనక గదిలో ఇద్దరూ మిగిలారు. నీళ్ళు కారి నేలంతా మడుగైంది. ఇస్త్రీ ఆవిడ ముందుగా టేపక్క తల తుడిచింది. టేపక్క తుడవనిచ్చింది. గోడ వైపు చూస్తూ అడిగింది.

"ఆ రెండుసార్లు... రమ్మని కబురు చేసింది ఆయనేనా?"

ఇస్త్రీ ఆవిడ తువాలు ఆపింది. అవునంటే ఎంత బాగుండునో ఆవిడకు తెలుసు. టేపక్కకూ తెలుసు.

"కాదండీ. నేనే చేశాను. ఆయనకు చెప్పనుకూడా లేదు."

"చివర్లో నా మాట ఏమైనా..."

"లేదక్కా." ఈసారి ఆ పిలుపుకు ఎవరూ అడ్డం చెప్పలేదు. "మీదీ అనలేదు, నాదీ అనలేదు. ఆఖరి రెండు రోజులూ వాళ్ళమ్మనే పిలిచాడు. అమ్మా, అమ్మా అని ఒకటే కలవరింత. నేను వెళ్ళి ఏం కావాలంటే, నువ్వు కాదు అమ్మని పిలువు అనేవాడు."

టేపక్క కొంగు పిండుకుంది. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఏ మాట జరిగిందో, ఎవరి పేరు పలికాడో అని ఎన్ని రకాలుగా ఊహించుకుంది! ఎన్నిసార్లు తన పేరు వినిపించుకుంది, ఎన్నిసార్లు దీని పేరు విని కుమిలిపోయింది! అక్కడ ఇద్దరి పేరూ లేదట. నొప్పి పుట్టింది. పుట్టి, పాత పన్ను ఊడినట్టు, ఆ చోటు బోలుగా, తేలిగ్గా అయిపోయింది.

"ఆ ముసలమ్మా?" అంది చివరికి.

"ఆవిడే."

"పెళ్ళయిన కొత్తలో నన్ను మూడేళ్ళు ఏడిపించింది. పప్పులో ఉప్పు తక్కువైతే చెవి మెలేసేది. పోయి ఇరవై ఏళ్ళయింది. ఇంకా వదల్లేదన్నమాట!" చెవి తడుముకుంది. "నేను అన్నేళ్ళు చాకిరీ చేసి, నువ్వు ఏడేళ్ళు చేసి, ఆఖరికి వాణ్ణి ముసలమ్మ కొట్టేసిందా?"

ఇస్త్రీ ఆవిడ నవ్వు ఆపుకోవాలని తువాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. టేపక్కకు ముందు దగ్గు వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, ఆ నవ్వులోంచే ఎనిమిదేళ్ళుగా రాని ఏడుపు వచ్చింది. కొట్టుకుంటున్నారేమోనని పరుగెత్తుకొచ్చిన కూతురు తలుపు తోసి, ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఉండటం చూసి, అలాగే మళ్ళీ తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

అవతల పాట మొదలైంది. ఇస్త్రీ ఆవిడ పొడిబట్టలు కట్టుకుంది. టేపక్క తడిసిపోవడానికని రాలేదు కనుక మార్చుకోవడానికి ఏమీ తెచ్చుకోలేదు. బీరువా వెతికితే ఎప్పటిదో మిగిలిపోయిన అంగీ ఒకటి దొరికింది. తను బాప్తిస్మం తీసుకున్నది ఏటిలో, మామూలు బట్టలతో. వందల అంగీలు కుట్టింది గానీ ఒక్కటీ ఒంటిమీద వేసుకుని ఎరగదు. వేసుకుంటే చేతులు పొడుగు, మెడ వదులు. "ఏ గుడ్డిది కుట్టిందో!" అని తనే సణుక్కుంది.

ఇద్దరూ పక్క తలుపులోంచి వచ్చి ముందు బెంచీలో మిగిలిన చోట కూర్చున్నారు. అప్పటికే సంఘపెద్ద కొత్తగా చేరినవాళ్ళకు చేతులు కలుపుతూ వరసగా వస్తున్నాడు. తొంభై ఏళ్ళ మనిషి, రెండు కళ్ళలోనూ పొర. తెల్ల అంగీ దగ్గర ఆగి, టేపక్క చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"కొత్తగా వచ్చావా తల్లీ?"

ఆ పెద్దాయనకు తనెవరో చెప్పాలని నోరు తెరిచింది టేపక్క. ఏం చెప్పాలి? ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నానని చెప్పాలా?

"అవునయ్యా" అంది. "ఇవాళే."

"సంతోషం, సంతోషం." ఆయన పక్కకు జరిగి, తర్వాతి చెయ్యి కోసం గాలిలో తడుముకున్నాడు. "మరి నువ్వో అమ్మా?"

ఇస్త్రీ ఆవిడ కాలిన మచ్చల చెయ్యి అందించింది.

"నేను ఈమెతో వచ్చానండీ."